ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్

పల్నాడులో మిరప కోతలు మొదలయ్యాయంటే తెల్లవారుజామునే ఆటోలు బయలుదేరతాయి. ఆరు కాకముందే కూలీలు ఎక్కాలి. ఆ ఎక్కేవాళ్లలో షుగరుకు ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లూ ఉంటారు. డాక్టరు చీటీలో ‘ఉదయం టిఫినుకు అరగంట ముందు’ అని ఉంటుంది. వాళ్లకు టిఫినంటూ ఉండదు. చేలో పదింటికో పదిన్నరకో సద్దిమూట విప్పుతారు. మరి సూది ఎప్పుడు వేసుకోవాలి? అయిదున్నరకు ఇంట్లో వేసుకుని ఎక్కితే ఎనిమిదింటికల్లా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. వేసుకోకుండా వెళితే రోజంతా షుగరు మూడొందల పైన. చేలోకి పట్టుకుపోదామంటే ఎండ. పైగా పదిమంది ముందు సూది పొడుచుకోవాలంటే మొహమాటం. చివరికి చాలామంది చేసేదేమిటంటే, పనికి పోయిన రోజు మానేయడం, ఇంట్లో ఉన్న రోజు వేసుకోవడం.

ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్న డాక్టరుగా ఇలాంటివాళ్లను చూస్తూనే వచ్చాను. నిర్లక్ష్యం చేశారని వాళ్లను తిట్టడం తేలిక. కానీ ఆ చీటీ వాళ్ల బతుకు చూసి రాసింది కాదు. ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు భోజనం, ఇంట్లో ఫ్రిజ్, వీధి చివర మెడికల్ షాపు, ఒకటో తారీఖున జీతం ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని రాసింది. అవేవీ లేనివాళ్లు కూడా ఇన్సులిన్‌తో క్షేమంగా బతకొచ్చు. అందుకు వాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాళ్లకు వైద్యం చేసేవాళ్లు, మందు పంపించేవాళ్లు మార్చుకోవాల్సినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే 2023లో తేల్చింది. వాళ్లలో ఎక్కువమందిది టైప్ 2 రకం. చాలామందికి మాత్రలు సరిపోతాయి. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ మాత్రలతో అదుపు కాక ఇన్సులిన్ కావాల్సి వస్తుంది. టైప్ 1 అనే ఇంకో రకం ఎక్కువగా పిల్లల్లో, కుర్రవాళ్లలో మొదలవుతుంది. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడమే ఆగిపోతుంది. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఇలాంటి పిల్లలను బతికించుకునే దారి ఎక్కడా లేదు. ఇవాళ కూడా టైప్ 1 ఉన్న బిడ్డకు ఇన్సులిన్ బదులు వేసే మాత్ర లేదు. ఆకు పసరనీ, పొడి అనీ, కషాయమనీ ఎవరో చెప్పారని సూది ఆపేస్తే కొద్ది రోజుల్లోనే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు. ఎవరు చెప్పినా సరే, ఆపకండి.

పెద్దవాళ్ల భయం ఇంకో రకంగా ఉంటుంది. ‘సూది దాకా వచ్చిందంటే ఆఖరి దశే’ అంటారు. ‘ఫలానా ఆయన ఇన్సులిన్ మొదలెట్టాడు, ఏడాదిలో కాలు తీసేశారు’ అంటారు. ఆయన సూది మొదలుపెట్టడానికి ముందు షుగరు అదుపు తప్పి ఎన్నేళ్లు గడిచాయో ఆ కథలో ఉండదు. కాలు చెడగొట్టింది ఆ ఏళ్లే. సూది ఆలస్యంగా వచ్చింది, నింద మాత్రం దానికే పడింది.

ఇక డబ్బు సంగతి. నలుగురిలో చెప్పుకోలేక చాలామంది దాచేది ఇదే గనుక కాస్త వివరంగా చూద్దాం. మామూలు హ్యూమన్ ఇన్సులిన్ సీసాలో 10 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల లెక్కన సీసాకు 400 యూనిట్లు. రోజుకు 30 యూనిట్లు వేసుకునే మనిషికి అది 13 రోజులు వస్తుంది. అంటే నెలకు రెండు సీసాలు దాటి కావాలి. ఈ మందు ధరకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది గనుక సీసా 200 రూపాయల లోపే దొరుకుతుంది. దానికి సిరంజిలు కలపండి. షుగరు చూసుకునే స్ట్రిప్ ఒక్కొక్కటి రకాన్ని బట్టి 10 నుంచి 25 రూపాయలు, అవీ కలపండి. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఇంతవరకూ లెక్కవేసి ‘మరీ అంత భారమేమీ కాదే’ అనేవాళ్లున్నారు. వాళ్లు ఒక లెక్క మరిచిపోతారు. ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ, తోడు వచ్చిన మనిషి కూలి కూడా అందులోకే వస్తాయి. తీరా వెళ్లాక ‘స్టాకు లేదు, సోమవారం రండి’ అంటే ఈ ఖర్చంతా రెండింతలు. ఉచితంగా ఇచ్చే ఇన్సులిన్ కూడా ఇలా కొనుక్కున్నదానికంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

అందుకే సీసాను పొడిగిస్తారు. 20 యూనిట్లు వేసుకోమంటే 12 వేసుకుంటారు. రెండు పూటలకు ఒక పూట వేసుకుంటారు. ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరికీ షుగరు ఉంటే ఆయన సూది ఆగదు, ఆమెది ఆగుతుంది. ‘నాకేం పర్లేదు డాక్టరుగారూ, ముందు ఆయనకు రాయండి’ అనే మాట ఓపీలో కొత్త కాదు.

ఇందులో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. 12 వేసుకుంటూ 20 వేసుకుంటున్నామని చెబుతారు. షుగరు ఎక్కువగానే కనిపిస్తుంది. 20 చాలడం లేదని డాక్టరు 26 రాస్తాడు. తర్వాత ఎప్పుడో నాలుగు డబ్బులు చేతికొచ్చిన వారం, కొత్త సీసా తెచ్చుకుని, ఈసారైనా సరిగ్గా వేసుకుందామనుకుని 26 వేసుకుంటారు. ఆ రాత్రి షుగరు పడిపోతుంది. చెప్పింది తూచా తప్పకుండా చేసినందుకే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టవుతుంది. కాబట్టి దయచేసి నిజం చెప్పండి. ‘ఇన్ని యూనిట్లే వేసుకున్నాను, డబ్బులు లేవు’ అనండి. అది సిగ్గుపడాల్సిన మాట కాదు, డాక్టరుకు కావాల్సిన సమాచారం. ఆ మాట విన్న డాక్టరు చేయగలిగింది చాలా ఉంది. ఖరీదైన పెన్ను ఇన్సులిన్ తీసేసి సీసా ఇన్సులిన్‌కు మార్చవచ్చు. టైప్ 2 అయితే మూడు పూటల సూదిని ఒకటి రెండు పూటలకు కుదించి చవక మాత్ర జోడించవచ్చు. అయితే ఈ మార్పు డాక్టరే చేయాలి. రకం మారినప్పుడు కొందరికి యూనిట్లు తగ్గించాల్సి వస్తుంది, మెడికల్ షాపులో ఒకదాని బదులు ఇంకొకటి అడిగి తెచ్చుకుంటే ప్రమాదం.

నా తోటి డాక్టర్లకు కూడా ఒక మనవి. ‘వేసుకుంటున్నారా?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారు. ‘ఈ వారంలో ఎన్ని సార్లు వేసుకోలేకపోయారు? ఈ సీసా ఎప్పుడు తెచ్చారు?’ అని అడగండి. సీసా తెచ్చిన తారీఖు తెలిస్తే రోజుకు ఎన్ని యూనిట్లు వేసుకుంటున్నారో తెలిసిపోతుంది. ఆ తర్వాత ‘పనికి ఎన్నింటికి వెళతారు, మొదటి ముద్ద ఎన్నింటికి తింటారు?’ అని అడగండి. మిరప కోతకు పోయే మనిషికి ఉదయం పెద్ద డోసు రాయకుండా, రాత్రి పూట వేసుకునే ఇన్సులిన్, పగటికి మాత్రలు ఇచ్చి సరిపెట్టగలమేమో చూడండి. టైప్ 2లో చాలామందికి అది కుదురుతుంది. కుదరనివాళ్లు సూదిని చేలోనే, సద్ది తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. అందుకు పనికి తీసుకెళ్లే మేస్త్రీకి ఒక మాట చెప్పి పెట్టుకోవాలి.

సిరంజి విషయం ఒక్కటి జాగ్రత్తగా వినండి, పొరపాటు పడితే చాలా ఖరీదైన పొరపాటు. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. సీసాలో వచ్చేది సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. పెన్నుల్లో వేసే కాట్రిడ్జిలో, కొన్ని సీసాల్లో 100 యూనిట్లు ఉంటాయి. ఆ 100 రకం సిరంజికి నారింజ రంగు మూత. 40 సీసా మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఏకంగా 50 యూనిట్లు వెళతాయి. మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. సీసా మీద 40 ఉందా, 100 ఉందా చూడండి, సిరంజి మీద కూడా అదే అంకె ఉండాలి. చదువు రానివాళ్లు మొదటిసారి నర్సమ్మ చేత చూపించుకుని, ఖాళీ సిరంజి ఒకటి ఇంట్లో దాచుకుని, షాపుకు వెళ్లినప్పుడు అది చూపించి అలాంటిదే అడగండి. పెన్ను కాట్రిడ్జిలోంచి సిరంజితో మందు లాగడం ఎప్పుడూ చేయొద్దు.

సిరంజి ఒక్కసారి వాడి పారేయాలన్నది తయారీదార్ల నియమం. మంచి నియమమే. కానీ రోజుకు రెండు కొత్త సిరంజిలు కొనలేని ఇళ్లలో ఒకే సిరంజిని అదే మనిషి కొన్నిసార్లు వాడటం మనందరికీ తెలిసిన నిజం. చూడనట్టు నటించి లాభం లేదు. అలా వాడక తప్పనివాళ్లు సూదిని దేనికీ తగలనీయకుండా వెంటనే మూత పెట్టండి. స్పిరిటుతోనో వేడినీళ్లతోనో కడగకండి, సూదికుండే నున్నటి పూత పోతుంది. గుచ్చినప్పుడు నొప్పి ఎక్కువైనా, సూది వంగినా పారేయండి. ఇంట్లో ఇంకొకరికి, అది కన్నబిడ్డకైనా సరే, ఇవ్వకండి. రక్తం ద్వారా వచ్చే జబ్బులు ఇలాగే పాకుతాయి. వాడేసిన సూదులను మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి ఏఎన్ఎం చేతికి ఇవ్వండి. చెత్తకుప్పలో వేస్తే చెత్త ఏరుకునేవాళ్ల చేతుల్లో గుచ్చుకుంటాయి.

రోజూ ఒకేచోట గుచ్చితే అక్కడ కొవ్వు గడ్డకట్టి బిళ్లలాగా తయారవుతుంది. నొప్పి ఉండదని చాలామంది అక్కడే గుచ్చుతారు. ఆ బిళ్లలోకి వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు, అంటే డబ్బు పెట్టి కొన్న మందు వృథా. బొడ్డుకు రెండు మూడు వేళ్ల దూరం వదిలి పొట్ట మీద, తొడల మీద చోటు మారుస్తూ వేసుకోండి. పాలలాగా ఉండే ఇన్సులిన్ కదలకుండా ఉంచితే, మజ్జిగ మీద తేట తేలినట్టు పైన నీరు, అడుగున మందు అవుతుంది. సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపండి. గట్టిగా ఊపకండి.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. రెంటచింతల, రామగుండం, ఖమ్మం ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట రేకుల ఇంట్లో ఇన్సులిన్ ఎలా దాచాలి? కొత్త సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలనీ, వాడుతున్న సీసాను 25-30 డిగ్రీల లోపు ఉంచి నాలుగు వారాల్లో అవగొట్టాలనీ సీసాతో వచ్చే కాగితంలో ఉంటుంది. ఫ్రిజ్ లేనివాళ్లకు ఇన్సులిన్ ఇవ్వడమే దండగ అని వాదించిన వైద్యులు కూడా ఉన్నారు. ఆ వాదన తప్పని ఇప్పుడు ఆధారాలున్నాయి. ఉత్తర కెన్యాలో దగహలే అనే శరణార్థి శిబిరంలో పగలు రాత్రి ఉష్ణోగ్రతలు కొలిచి, అదే విధంగా 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారుతూ ఉండేట్టు ఇన్సులిన్‌ను ప్రయోగశాలలో నాలుగు వారాలు ఉంచి చూశారు. ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి చేసిన ఈ పరిశోధన 2021లో వెలువడింది. ఫ్రిజ్‌లో ఉంచిన ఇన్సులిన్‌కూ దీనికీ బలంలో తేడా రాలేదు. అంటే ఆ వేడి వరకూ, ఆ నాలుగు వారాల వరకూ భయపడక్కర్లేదు. 45 డిగ్రీల సంగతి వేరు. దాన్ని 37 లోపుకి దించుకోవాలి. మన కుండ ఆ పని చేస్తుంది.

పెద్ద మట్టికుండలో అడుగున ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ పెట్టండి. రెండింటి మధ్య కూడా ఇసుక నింపి, పొద్దునా సాయంత్రం ఆ ఇసుకను నీళ్లతో తడపండి. సీసాను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో పెట్టండి, పొయ్యి దగ్గర వద్దు. ఇన్సులిన్ దాచడానికి పనికొస్తాయా అని ఆఫ్రికా దేశాల కుండలతోపాటు మన దేశపు కుండను కూడా శాస్త్రీయంగా పరీక్షించారు, చల్లబరచడం నిజమేనని తేలింది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది గనుక పొడి గాలి ఉండే రాయలసీమలో, తెలంగాణలో ఇది బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం, కాకినాడ వంటి చోట్ల ఉక్కపోత రోజుల్లో అంతగా చల్లబడదు. అక్కడివాళ్లు ఇంట్లో అదనపు సీసాలు నిల్వ పెట్టుకోకుండా, కొత్త సీసాను మెడికల్ షాపు ఫ్రిజ్‌లోనో, ఆసుపత్రిలోనో, నమ్మకమైన పొరుగింట్లోనో ఉంచుకోవడం మంచిది. పొరుగింటి ఫ్రిజ్ వాడుకునేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. పైన గడ్డకట్టే అరలో పెట్టిస్తే ఇన్సులిన్ చచ్చిపోతుంది. ఒకసారి గడ్డకట్టిన సీసా కరిగాక కూడా పనికిరాదు. తలుపు అరలో పెట్టమని చెప్పండి. చేలోకి తీసుకుపోవాల్సి వస్తే డబ్బాలో పెట్టి తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచండి, ఐసుగడ్డ మీద నేరుగా పెట్టకండి. నీళ్లలాంటి ఇన్సులిన్ మసకబారినా, పాలలాంటిది ఉండలు కట్టినా, సీసా గోడకు అంటుకున్నా వాడొద్దు. చూపుకు బాగానే ఉన్నా, సరిగ్గా వేసుకుంటున్నా షుగరు దిగకపోతే, ఆ సీసాను అనుమానించండి.

స్ట్రిప్‌లు కొన్నే ఉంటే వాటిని ఎలా వాడాలి? రోజూ పరగడుపునే ఒకటి వాడి, మిగతా పూటలు ఎలా ఉన్నాయో తెలియకుండా గడిపేవాళ్లు ఎక్కువ. అలా కాకుండా పూట మార్చండి. ఒక వారం పరగడుపున చూస్తే, ఇంకో వారం రాత్రి భోజనానికి ముందు, ఆ పైవారం పని చేసి వచ్చాక. రెండు స్ట్రిప్‌లు మాత్రం ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. ఒకటి షుగరు పడిపోయిందేమోనన్న అనుమానం వచ్చినప్పటికి, ఇంకొకటి జ్వరం వచ్చినప్పటికి. చూసిన అంకెను తారీఖుతో, వేసుకున్న యూనిట్లతో ఒక నోటుపుస్తకంలో రాయించండి. బడికి పోయే పిల్లలుంటే ఆ పని వాళ్లకు అప్పగించండి. ‘షుగరువాళ్ల కోసం ప్రత్యేకం’ అని అమ్మే పొడుల డబ్బాలు, బిస్కెట్లు కొనకండి. ఆ డబ్బుతో స్ట్రిప్‌లు కొనుక్కోండి. తిండిలో చేయాల్సింది ఎక్కువేమీ లేదు. రేషన్ బియ్యమే వండుకోండి. అన్నం కొలత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి, రోజూ దాదాపు ఒకే వేళకు, ఒకే కొలతలో తినండి.

షుగరు పడిపోవడం గురించి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. చెమట, వణుకు, గుండె దడ, తట్టుకోలేని ఆకలి, తికమకగా మాట్లాడటం, ఊరికే కోపం రావడం ఇవన్నీ దాని గుర్తులు. తాగి మాట్లాడుతున్నాడనుకుని వదిలేసిన సందర్భాలున్నాయి. స్ట్రిప్‌తో చూస్తే 70 కంటే తక్కువ ఉంటుంది. స్ట్రిప్ లేకపోతే అనుమానం మీదనే చక్కెర ఇచ్చేయాలి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో, రొట్టో పెట్టండి. ముందే అన్నం పెడితే అది షుగరుగా మారడానికి సమయం పడుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. సూది వేసుకునే ప్రతి మనిషి కొంగున, జేబులో, సద్దిమూటలో పంచదార పొట్లం ఉండాలి. వెంట పనిచేసేవాళ్లలో ఒక్కరికైనా అది ఎందుకో తెలిసి ఉండాలి.

దీనికి ఎదురు తప్పు జ్వరం వచ్చినప్పుడు జరుగుతుంది. తిండి సహించడం లేదు కదా అని సూది పూర్తిగా ఆపేస్తారు. ఒంట్లో జబ్బు ఉన్నప్పుడు తినకపోయినా షుగరు పెరుగుతుంది. టైప్ 1 పిల్లల్లో ఇన్సులిన్ ఆగితే రక్తంలో ఆమ్లాలు పెరుగుతాయి. వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం, ఊపిరిలో పండిన పండు వాసన, మగత. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి. జ్వరం వస్తే ఎంత వేసుకోవాలి, ఒక పూట తిండి తప్పితే ఏం చేయాలి అన్నవి ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ డాక్టరు చేత కాగితం మీద రాయించి పెట్టుకోండి. శివరాత్రి ఉపవాసానికీ, రంజాన్ ఉపవాసానికీ, ఒంటిపూట భోజనం చేసే అయ్యప్ప దీక్షకూ ఇదే మాట. ముందుగా అడిగితే ఏదో ఒక మార్గం చెబుతారు. వలస పోయేవాళ్లు ఆ కాగితాన్ని, నోటుపుస్తకాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ముంబై తాపీ పనికైనా, ఇటుక బట్టీకైనా, గల్ఫుకైనా వెళ్లిన చోట మీ మందు పేరు, యూనిట్లు అక్కడి డాక్టరుకు అదే చెబుతుంది.

ఇంతవరకూ మీరు చేయాల్సినవి చెప్పాను. ప్రభుత్వం చేయాల్సినవి కూడా చెప్పకపోతే భారమంతా రోగి మీద వేసినట్టవుతుంది. ఇన్సులిన్ కనుగొన్నవాళ్లు దాని పేటెంటును తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో అత్యవసర మందుల మొదటి జాబితా తయారుచేసినప్పుడే అందులో ఇన్సులిన్ ఉంది. మన దేశంలో షుగరు, బీపీ, క్యాన్సర్ల కోసం జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, జిల్లా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఇలాంటి అంటువ్యాధులు కాని జబ్బుల కోసం ఎన్‌సీడీ క్లినిక్‌లు వచ్చాయి. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, తెలంగాణలో పల్లె దవాఖానలు, బస్తీ దవాఖానలు ఉన్నాయి. బీపీ మాత్రలు అక్కడిదాకా చేరుతున్నాయి. ఇన్సులిన్ చాలాచోట్ల ఇంకా పెద్దాసుపత్రి దగ్గరే ఆగిపోతోంది. కారణం ఫ్రిజ్ అంటారు. టీకాల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫ్రిజ్‌లు ఏళ్లుగా నడుస్తూనే ఉన్నాయి. చల్లగా దాచి మారుమూల ఊళ్లకు చేర్చడం మన ఏఎన్ఎంలకు తెలియని విద్య కాదు. అదే ఏర్పాటు ఇన్సులిన్‌కూ చేయవచ్చు.

ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు 2007 నుంచి లక్షల మందిని ఆదుకున్నాయి, అందులో సందేహం లేదు. కానీ వాటి బలమంతా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చు మీదే ఉంది. కాలు కుళ్లి ఆపరేషను అవసరమైతే పథకం ఉంది. ఆ కాలు కుళ్లకుండా కాపాడే నెలనెలా ఇన్సులిన్ కోసం, సిరంజి కోసం, స్ట్రిప్ కోసం మాత్రం మనిషి కూలి పోగొట్టుకుని తిరగాలి. ఇది న్యాయం కాదు, పొదుపు కూడా కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్ ఎప్పుడూ ఉండాలి. నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు నెలలకు సరిపడా ఇవ్వాలి, దాచుకునే చోటు లేనివాళ్ల సీసాలు సబ్‌సెంటర్‌లో వాళ్ల పేరు రాసి ఉంచాలి. సీసాతోపాటు సిరంజిలు, కొన్ని స్ట్రిప్‌లు కూడా ఇవ్వాలి. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో టైప్ 1 ఉన్న పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉంటే అక్కడి వార్డెనుకు, వంటమనిషికి షుగరు పడిపోయినప్పటి గుర్తులు నేర్పించాలి. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

గ్రామసభ జరిగినప్పుడు రోడ్డు గురించి, కాలువ గురించి అడుగుతాం. ‘మన పీహెచ్‌సీలో ఇన్సులిన్ ఉందా? ఎన్ని నెలలుగా లేదు?’ అని కూడా అడగండి. షుగరు లేనివాళ్లు లేచి అడిగితే ఇంకా మంచిది, ఉన్నవాళ్ల మొహమాటం తగ్గుతుంది. దగ్గరలో జన ఔషధి దుకాణం ఉంటే అక్కడ ఇన్సులిన్, సిరంజి ఎంతకు ఇస్తున్నారో కనుక్కుని నలుగురికీ చెప్పండి.

మీలో సూది వేసుకునేవాళ్లు ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ సీసాలో ఇంకా ఎన్ని రోజులకు సరిపడా మందు ఉందో లెక్క చూసుకోండి. పది రోజులకు సరిపోయేంత లేకపోతే, రేపు పొద్దున్నే మీ ఊరి ఆశ కార్యకర్తకు చెప్పండి. సీసా ఖాళీ అయ్యేదాకా ఆగకండి.